గాజు పూసల పని: సరదా నుంచి వృత్తిలోకి

టార్చ్ మంట మీద గాజు పూసలు చేయడం వచ్చేసింది, చూసినవాళ్ళు బాగున్నాయంటున్నారు, ఇక ఇదే ఉపాధి చేసుకుందామా అనిపిస్తోంది. అలాంటప్పుడు ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. మీ చేతికి బాగా అలవాటైన డిజైన్ ఒకటి తీసుకుని, 12 మి.మీ. గుండ్రటి పూసలు పన్నెండు వరసగా చేయండి. మూల రంగు ఒకటే, చుక్కల వరస ఒకటే, మాండ్రెల్, అంటే గాజు చుట్టే ఉక్కు చువ్వ, 2.4 మి.మీ.ది. మర్నాడు కిల్న్‌ (పూసలను మెల్లగా చల్లార్చే కరెంటు కొలిమి) లోంచి తీసి, కడిగి, పక్కపక్కన పేర్చి వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. అన్నిటికన్నా పెద్దదానికీ చిన్నదానికీ తేడా అర మిల్లీమీటరు లోపు ఉందా? రంధ్రం దగ్గర అంచులు లోపలికి మడుచుకుని నున్నగా ఉన్నాయా, వేలికి గుచ్చుకుంటున్నాయా? చుక్కల మధ్య ఎడం సమంగా వచ్చిందా? మొత్తం ఎంతసేపు పట్టింది?

చూడముచ్చటైన పూస ఎప్పుడో ఒకటి అందరికీ కుదురుతుంది. కొనేవాళ్ళ అవసరం వేరు. చెవిపోగులు చేసే మనిషికి జత కావాలి, హారం చేసేవాళ్ళకి ఏడు ఒకేలా కావాలి, ఆరు నెలల తర్వాత ఒకటి పోగొట్టుకుని మళ్ళీ అడిగేవాళ్ళకి సరిగ్గా అదే కావాలి. పన్నెండులో తొమ్మిది నిలబడితే వృత్తి గురించి మాట్లాడుకోవచ్చు. ఐదే నిలబడితే అమ్మకాల సంగతి పక్కనపెట్టి ఇంకో మూడు నెలలు ఇదే పూస చేయడం మేలు.

పరిమాణం కంటి అంచనాకి వదలకండి

12 మి.మీ. పూసలో రంధ్రం పోను సుమారు 0.85 ఘన సెంటీమీటర్ల గాజు ఉంటుంది. గాజు సాంద్రత ఘన సెంటీమీటరుకి దాదాపు 2.5 గ్రాములు కాబట్టి పూస బరువు 2.1 గ్రాములు తూగుతుంది. 5.5 మి.మీ. మందం గాజు కడ్డీలో ఇది 3.6 సెం.మీ. ముక్కతో సమానం. 33 సెం.మీ. కడ్డీకి లెక్క ప్రకారం తొమ్మిది పూసలు రావాలి. చేత్తో పట్టుకునే చివరా, చిట్లి ఎగిరిపోయే ముక్కలూ పోను ఏడో ఎనిమిదో వస్తాయి.

చాలామంది పొరబడే చోటు ఇక్కడే. ఒకే కట్టలో వచ్చిన కడ్డీలు కూడా ఒకే మందంలో ఉండవు. 5 మి.మీ. కడ్డీకీ 6 మి.మీ. కడ్డీకీ చూపుకి పెద్ద తేడా కనపడదు గానీ, అదే పొడవు కరిగిస్తే రెండోదాంట్లో గాజు 44 శాతం ఎక్కువ. అందుకని పని మొదలుపెట్టే ముందే కడ్డీలను మందాన్ని బట్టి మూడు కుప్పలుగా ఏరుకోండి. ఒక వరస పూసలకి ఒక కుప్పలోంచే తీయండి. టార్చ్ పక్కన బల్ల మీద ఒక ఉక్కు స్కేలు అంటించి పెట్టుకుంటే, పూస చుట్టే ముందూ తర్వాతా కడ్డీని దాని పక్కన ఆనించి ఎంత కరిగిందో చూసుకోవచ్చు. మొదటి వారం విసుగ్గా ఉంటుంది. ఆ తర్వాత చెయ్యే చెబుతుంది.

పొడవు సరిపోయినా ఆకారం తప్పడానికి కారణం మొదటి చుట్టు. మాండ్రెల్ మీద గాజు ఎంత వెడల్పున అతుక్కుందో దాన్నిబట్టే పూస చివరలు తయారవుతాయి. వెడల్పు ఎక్కువై, దానికి తగ్గ గాజు పైన పడకపోతే చివర్లు పలచగా సాగి కత్తి అంచుల్లా మిగులుతాయి. అలాంటి అంచు దారాన్ని కోస్తుంది, పెచ్చులూడుతుంది. సరిదిద్దాలంటే అంచుల మీద గాజు పెట్టకూడదు. పూస నడుముకి గాజు చేర్చి, మొత్తం మెత్తబడేలా కాచి, మాండ్రెల్‌ను అడ్డంగా ఉంచి ఆపకుండా తిప్పాలి. తలతన్యత గాజును గుండ్రంగా లాక్కుంటున్నప్పుడు అంచులు వాటంతటవే పైకి లేచి మడతపడతాయి. వెడల్పు ముందే ఎక్కువైపోతే ఆ పూసను పెద్ద సైజు కింద రాసుకోవడం తప్ప గత్యంతరం లేదు.

ఎనీలింగ్ లేని పూస అమ్మకండి

ఎనీలింగ్ అంటే పూసను కిల్న్‌లో తగిన వేడి దగ్గర నిలిపి, మెల్లగా దించి, లోపలి బిగువు పోగొట్టడం. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు లేదు. మంటలోంచి తీసిన పూస పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలిది తర్వాత కుంచించుకుంటుంది. ఆ బిగువు లోపలే ఉండిపోతే పూస మర్నాడే పగలొచ్చు, రెండు నెలల తర్వాత కొన్నవాళ్ళ మెడలోనూ పగలొచ్చు. సెరామిక్ దుప్పటిలో చుట్టడం, వర్మిక్యులైట్ గింజల్లో గుచ్చడం పూసను నెమ్మదిగా చల్లార్చే ఉపాయాలు మాత్రమే. అవి ఎనీలింగ్ అనిపించుకోవు. చిన్న పూసలు అలాగే బతికిపోతున్నాయి కదా అని పెద్దవాటిని నమ్ముకోకూడదు.

పూసల పనిలో ఎక్కువగా వాడే 104 వ్యాకోచ సంఖ్య (వేడికి గాజు ఎంత వ్యాకోచిస్తుందో చెప్పే అంకె) గల మెత్తని గాజుకి డిజిటల్ కంట్రోలర్ ఉన్న కిల్న్‌లో ఈ క్రమం సరిపోతుంది. పని సాగుతున్నంతసేపూ 500 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల నిలపండి. చివరి పూస లోపల పెట్టాక 510–520 మధ్యకి తెచ్చి, 12 మి.మీ. పూసలైతే 45 నిమిషాలు, 25 మి.మీ. దాటితే గంటన్నర ఉంచండి. అక్కడినుంచి గంటకి 55 డిగ్రీల చొప్పున 370 దాకా దించి, స్విచ్ ఆపి, గది వేడికి వచ్చేదాకా తలుపు తీయకండి. దింపడానికే రెండున్నర గంటలు దాటుతుంది కాబట్టి రాత్రికి వదిలేయడం అందరూ చేసే పని. బోరోసిలికేట్ గాజు వాడేవాళ్ళకి నిలుపు వేడి 565 దగ్గర ఉంటుంది. రెండిటినీ ఒకే విడతలో పెట్టడానికి లేదు.

కంట్రోలర్ చూపే అంకె థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) ఉన్న చోటి వేడి. తలుపు దగ్గర అంతకన్నా చల్లగా ఉంటుంది. మాండ్రెల్స్ బయటికి పొడుచుకొచ్చేలా సందు ఉన్న కిల్న్‌లో ఈ తేడా ఇంకా ఎక్కువ. పూసలు ఆ సందు నుంచి బాగా లోపలికి ఉండేలా చూసుకోండి. పారదర్శకమైన పూసల్లో బిగువు మిగిలిందేమో చూడడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పోలరైజింగ్ ఫిల్మ్ ముక్కలు రెండు తీసుకుని, వెనక దీపం పెట్టి, వెలుతురు పూర్తిగా ఆగిపోయేదాకా ఒకదాన్ని తిప్పండి. మధ్యలో పూస ఉంచితే బిగువున్న చోట వెలుగు మచ్చలు కనపడతాయి. వెలుతురు దూరని రంగుల పూసలకి ఇది పనిచేయదు. అందుకే ప్రతి విడతలోనూ పారదర్శకమైన పూస ఒకటి సాక్షిగా పెట్టి, దాన్ని పరీక్షించండి.

పగులు ఏం చెబుతోంది

విరిగిన పూసను చెత్తబుట్టలో వేసే ముందు పగులు దారి చూడండి. మాండ్రెల్‌కి అడ్డంగా పూసను రెండుగా కోసినట్టు పోతే, పని మధ్యలో ఒకవైపు చల్లారిపోయి, మళ్ళీ ఒక్కసారిగా మంటలోకి వచ్చిందని అర్థం. ఒకవైపు చుక్కలు పెడుతూ రెండోవైపును మరిచిపోవడం వల్ల వస్తుంది. ప్రతి రెండు చుక్కలకి ఒకసారి మొత్తం పూసను మంట అంచులో తిప్పితే పోతుంది. పగులు చుక్క చుట్టూ వంపు తిరిగి ఉంటే ఆ రెండు గాజులూ పొసగడం లేదు. 104 గాజు మీద పొరపాటున 96 ముక్క పడితే ఇలాగే జరుగుతుంది. ముద్రలేని కడ్డీ, పేరు తెలియని కడ్డీ ఉంటే వాటికి వేరే డబ్బా పెట్టండి.

పొసగుతాయో లేదో తేల్చుకునే చిన్న పద్ధతి ఉంది. రెండు కడ్డీల కొసలు పక్కపక్కన అతికించి, కలిసి కరిగాక సన్నని పోగులా అర మీటరు లాగండి. చల్లారాక తిన్నగా ఉంటే పరవాలేదు. విల్లులా వంగితే ఆ జత వదిలేయండి. ఒకే సంఖ్య ముద్రించిన రెండు రంగుల మధ్య కూడా కాస్త వంపు రావచ్చు, సన్నని గీతకి పనికొచ్చేది మందమైన పొరకి పనికిరాకపోవచ్చు.

మాండ్రెల్ మీద పూస వదులై గిర్రున తిరిగిపోతే తప్పు గాజుది కాదు, పూస అతుక్కోకుండా మాండ్రెల్‌కి పూసే పూతది. మట్టి పూత మరీ పలచనైనా, తడి ఆరకముందే మంట తగిలినా పెచ్చులూడుతుంది. మరీ మందమైతే రంధ్రం గరుకుగా మిగిలి, డైమండ్ రీమర్‌తో (వజ్రపు పొడి అంటిన సన్నని ఆకురాయి) అరగదీయడానికి రెట్టింపు టైము పడుతుంది. పెరుగుకన్నా పలచగా, పాలకన్నా చిక్కగా కలిపి, ముంచి, నిలబెట్టి రాత్రంతా ఆరనివ్వడం నమ్మకమైన పద్ధతి. పూసలు తీసేటప్పుడు అరగంట నీళ్ళలో నానబెట్టి, నీళ్ళ కిందే తిప్పి లాగండి. పూతలోనూ, అరగదీసిన పొడిలోనూ ఊపిరితిత్తులకి చేటు చేసే ధూళి ఉంటుంది. పొడిగా గీకితే అది గాల్లోకి లేస్తుంది.

రంగులు మాట వినకపోవడం

ఆర్డరు తీసుకున్నాక ఇబ్బంది పెట్టేవి ఎక్కువగా రంగులే. దంతపు రంగు గాజులో గంధకం, టర్కాయిస్‌లో రాగి ఉంటాయి. ఈ రెండూ కలిసిన చోట నల్లటి గీత పుడుతుంది. తెలిసి వాడుకుంటే అందమే, తెలియకపోతే పాడైన పూస. అదే టర్కాయిస్ ఆక్సిజన్ చాలని మంటలో బూడిద రంగు, రాగి మెరుపు తేలుతుంది. మంటను కాస్త ఆక్సిజన్ వైపు తిప్పి, టార్చ్ మూతికి దగ్గరగా కాకుండా దూరంగా పనిచేయాలి. కాలిస్తేనే తేలే ఎరుపు, నారింజ రంగులది ఇంకో తంటా. అవి చల్లారి మళ్ళీ వేడెక్కినప్పుడు రంగు పోసుకుంటాయి, కిల్న్‌లో ఎక్కువసేపు ఉన్నకొద్దీ ముదురుతాయి. పొద్దున చేసిన మొదటి పూస అయిదు గంటలు ఉంటే, సాయంత్రం చేసింది గంటే ఉంటుంది. మర్నాడు తీసి చూస్తే జత కుదరదు. అలాంటి రంగులతో జతలు చేసేటప్పుడు రెండు పూసలనూ వెంటవెంటనే చేయండి.

పెద్ద ఆర్డరుకి సరిపడా కడ్డీలను ఒకే విడత సరుకులోంచి ముందే కొనిపెట్టుకోవాలి. ఒకే నెంబరు రంగు కూడా విడత మారితే ఒక పిసరు మారుతుంది.

గంటలు పెరిగితే గది మారాలి

వారానికి రెండు గంటలు చేసేటప్పుడు కిటికీ తెరిచి సరిపెట్టుకున్న గది రోజుకి నాలుగు గంటలకి సరిపోదు. టార్చ్ మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి. ముక్కుకి చేరకముందే మంట వెనక నుంచి వాటిని లాగేసే హుడ్, బయటికి గొట్టం, లోపలికి తాజా గాలి వచ్చే దారి మూడూ ఉండాలి. గాలి వచ్చే దారి లేకుండా ఫ్యాన్ ఎంత పెద్దదైనా లాగేందుకు ఏమీ ఉండదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి గోడకి పెట్టండి. ప్రొపేన్ గాలికన్నా బరువు, కారితే నేల మీద పరుచుకుంటుంది. సిలిండర్ బయటే ఉండాలి, నేలమాళిగలో అసలు వద్దు. గ్యాసు, ఆక్సిజన్ గొట్టాలు రెండిటికీ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు (మంట గొట్టంలోకి వెనక్కి పోకుండా ఆపేవి) బిగించండి. ఆక్సిజన్ అమరికలకి నూనె, గ్రీజు తగలనివ్వకండి. వెనిస్ పాలకులు 1291లో గాజు కొలుములను ఊళ్ళోంచి మురానో దీవికి తరలించింది నిప్పు భయంతోనే అంటారు. ఒక మూల గదిలో టార్చ్ పెట్టుకునేవాళ్ళకి అంత దూరం అక్కర్లేదు గానీ, బల్ల మీద ఉక్కు రేకు, చేతికందేలా మంటలార్పే సిలిండర్ మాత్రం తప్పవు.

సోడియం పసుపు వెలుగును ఆపే డిడీమియమ్ కళ్ళద్దాలు మెత్తని గాజుకి సరిపోతాయి. బోరోసిలికేట్‌కి పరారుణ కిరణాలను ఆపే ముదురు అద్దం వాడాలి. ఆక్సిజన్ లేని ఒంటి గ్యాస్ టార్చ్‌తో సాగుతున్నవాళ్ళు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్‌కి మారితే గాజు త్వరగా కరుగుతుంది. ఎంత ఆదా అవుతుందో పన్నెండు పూసల పరీక్ష మళ్ళీ పెట్టి చూసుకుని, అప్పుడు కొనండి. మణికట్టు, మెడ, కళ్ళు తట్టుకునేది రోజుకి మూడు నాలుగు గంటల టార్చ్ పనే. ఎనిమిది గంటలు లెక్కవేసుకుని ధర పెట్టినవాళ్ళు రెండో నెలలోనే చేతులెత్తేస్తారు.

ధర ఎలా కట్టాలి

ముందు నిమిషాలు రాసుకోండి. ఉదాహరణకి పన్నెండు పూసలకి ఒక్కోదానికి 14 నిమిషాల టార్చ్ పని అంటే 168 నిమిషాలు. మాండ్రెల్స్ ముంచడం, పూసలు తీయడం, రంధ్రాలు శుభ్రం చేయడం, ఫోటోలు, వివరం రాయడం, పొట్లం కట్టడం కలిపి ఇంకో 72 నిమిషాలు. మొత్తం నాలుగు గంటలు. అందులో రెండు పనికిరాలేదు, పది మిగిలాయి. అంటే అమ్మే ప్రతి పూసకి 24 నిమిషాలు, 14 కాదు. ఈ పది నిమిషాలను మరిచిపోవడం వల్లే ఎన్ని అమ్మినా చేతిలో డబ్బు నిలవదు.

గంట కూలి 100 పాళ్ళు అనుకుందాం. 24 నిమిషాలకి 40. గాజు, పూత కలిపి 6. గ్యాసు, కరెంటు 8. పరికరాల అరుగుదల, అమ్మకపు కమీషన్ 6. ఖర్చు 60 అయింది. దాని మీద అయిదో వంతు లాభం వేస్తే 72. ఇది దుకాణానికి ఇచ్చే టోకు ధర. నేరుగా కొనేవాళ్ళకి దాని రెట్టింపు, 144. ఇప్పుడు దుకాణం అడగడం లేదు కదా అని నేరుగా 72కే అమ్మితే, రేపు దుకాణం వచ్చినప్పుడు సగానికి ఇవ్వాల్సి వస్తుంది, అది ఖర్చుకన్నా తక్కువ. చిల్లర ధర మొదటి రోజు నుంచే రెట్టింపు ఉండాలి. ఆ ధరకి ఎవరూ కొనకపోతే కూలి తగ్గించుకోవద్దు, ఆ డిజైన్ మానేయండి.

గాజు తక్కువ ఖరీదు, సమయం ఎక్కువ ఖరీదు. కాబట్టి సాదా చిన్న పూసలతో బతకడం కష్టం. చెక్ దేశపు యాబ్లొనెట్స్ అచ్చుపూసలు యంత్రం మీద కుప్పలుగా వస్తాయి, వాటితో పోటీ పెట్టుకోకండి. సాదావాటిని ప్రధాన పూసకి తోడుగా, సెట్లో భాగంగా మాత్రమే ఇవ్వండి. మంటలో మాత్రమే అయ్యే పనికి డబ్బు వస్తుంది: పారదర్శకమైన పొర కింద లోతుగా తేలే పూలు, వెండిరేకు మెరుపులు, సన్నని గాజుపోగుతో గీసిన గీతలు.

ఎవరికి అమ్మాలి

నగలు చేసేవాళ్ళకి రంధ్రం కొలత, జతల సామ్యం ముఖ్యం. వర్ణనలో వ్యాసం, పొడవు, రంధ్రం మూడూ మిల్లీమీటర్లలో రాయండి. పెద్ద రంధ్రపు కంకణాల పూసలకి 5 మి.మీ. మాండ్రెల్ పడుతుంది. తయారైన నగ కొనేవాళ్ళకి అదేమీ పట్టదు, మెడలో ఎలా కనిపిస్తుందో చూపాలి. రెండు గుంపులకీ ఒకేసారి అమ్మాలనుకుంటే ఫోటోలు, ధరలు, పొట్లాలు అన్నీ రెండు రకాలవుతాయి. మొదటి ఏడాది ఒకదాన్నే పట్టుకోండి.

చితాభస్మాన్ని గాజులో పొదిగే స్మారక పూసలకి కూడా అడిగేవాళ్ళుంటారు. ఒక్కో పూసకి చిటికెడు కన్నా తక్కువ చాలు, ఎక్కువైతే బుడగలు లేచి పైపొర చిట్లుతుంది. ఒక సమయంలో ఒక కుటుంబపు పొట్లమే బల్ల మీద ఉండాలి. మిగిలింది తూకం రాసి తిరిగి ఇచ్చేయాలి. ఇందులో పొరపాటుకి క్షమాపణ చాలదు కాబట్టి చేతి మీద పూర్తి నమ్మకం కుదిరాకే ఒప్పుకోండి.

ఫోటో తీసేటప్పుడు వెలుతురును తెల్లటి పలచని గుడ్డ గుండా రానిచ్చి, మధ్యస్థ బూడిద రంగు కాగితం మీద పూసను పెట్టండి. ఒక కోణంలో రంధ్రం అంచు స్పష్టంగా కనపడాలి, కొనేవాళ్ళు మొదట చూసేది అదే. నియోడిమియమ్ కలిసిన లేత ఊదా గాజు ఎండలో ఒక రంగు, ట్యూబులైటు కింద ఇంకో రంగు చూపిస్తుంది. రెండు ఫోటోలూ పెట్టకపోతే వేరే పూస పంపారని తిరిగి వస్తుంది.

చెప్పి చేయించుకునే ఆర్డర్లకి సగం డబ్బు ముందే తీసుకోండి. సైజు, అనుమతించే తేడా, రంగు నెంబరు, గడువు కాగితం మీద ఉండాలి. పది అడిగితే పదమూడు చేయండి. పది పోగా మంచివి మిగిలితే ఒకదాన్ని అమ్మకుండా తీగకి గుచ్చి చీటీ కట్టండి: కడ్డీ రంగు నెంబరు, విడత, మందం, కరిగించిన పొడవు, చుక్కల సంఖ్య, పట్టిన నిమిషాలు, కిల్న్ క్రమం, తేదీ. ఏడాది తర్వాత ఒక పూస పోయింది, అదే కావాలని కబురొచ్చినప్పుడు తీగ తెచ్చి టార్చ్ పక్కన వేలాడదీసుకోవచ్చు.